టైరులో జెల్ పోశారా? అయినా ఓ కన్నేసి ఉంచండి!

రాత్రి తొమ్మిది దాటింది. హైదరాబాద్ నుంచి బైక్ మీద గద్వాలకు వస్తున్నాను. కొత్తకోట, పెబ్బేరు దాటి బీచుపల్లి దగ్గర కృష్ణా వంతెన ఎక్కేదాకా బండి బాగానే ఉంది. ఎర్రవల్లి చౌరస్తాలో హైవే వదిలి గద్వాల రోడ్డుకు తిరిగేసరికి వెనక చక్రం కాస్త ఊగినట్టు అనిపించింది. దిగి చూస్తే గాలి తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అక్కడే గాలి కొట్టించుకుని, నలభై స్పీడు దాటకుండా ఇల్లు చేరాను. ‘టైరులో జెల్ పోయించి ఎంత మంచి పని చేశానో’ అని ఆ రాత్రి నన్ను నేనే మెచ్చుకున్నాను.

తెల్లారి పంచర్ షాపుకెళ్తే ఆ సంబరం కాస్తా పోయింది. టైరు విప్పిన మెకానిక్ అన్న అందులోంచి ఒకటి కాదు, మూడు తీశాడు. రెండు మేకులు, ఒక తుమ్మముల్లు. ఒక మేకు తల రోడ్డుకు రాసుకుని రాసుకుని నున్నగా అరిగిపోయింది. అంటే అది ఎన్నో రోజులుగా అక్కడే ఉంది! “జెల్ ఉంది కదా అని గాలి చూసుకోవడమే మానేసినవా తమ్మీ?” అంటూ టైరు లోపలి వైపు చూపించాడు. తక్కువ గాలితో తిరిగి తిరిగి పక్క భాగంలో రబ్బరు నలిగి పొడిలా రాలుతోంది. “హైవే మీద పగిలుంటే?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కొత్త టైరు వేయించుకోక తప్పలేదు.

మరి తప్పు జెల్‌దా? కాదు. దాని పని అది చేసింది. నా పని నేను చేయలేదు.

లోపల ఏం జరుగుతుంది?

ట్యూబ్‌లెస్ టైరులో గాలి నేరుగా టైరుకు, రిమ్ముకు మధ్యే ఉంటుంది. వాల్వు గుండా లోపలికి పోసే ఈ చిక్కటి ద్రవంలో సన్నటి నార పోగులు, రబ్బరు పొడి లాంటివి కలిసి ఉంటాయి. చక్రం తిరిగే వేగానికి ద్రవం బయటి వైపుకు నెట్టుకుపోయి, రోడ్డుకు తగిలే భాగం లోపల ఒక పొరలా పరుచుకుంటుంది. మేకు దిగి రంధ్రం పడగానే బయటికి దూసుకొచ్చే గాలి ఆ ద్రవాన్నీ తనతో లాక్కొస్తుంది. కాలువ తూములో చెత్త అడ్డుపడి నీళ్లు ఆగినట్టు, పోగులు ఆ రంధ్రంలో ఇరుక్కుని గాలిని ఆపేస్తాయి.

దాని హద్దులు కూడా ఇందులోనే ఉన్నాయి. పొర ఉండేది రోడ్డుకు తగిలే భాగంలో కాబట్టి టైరు పక్కన చీలితే జెల్ కాపాడలేదు. పోగులు అడ్డుపడాలంటే రంధ్రం చిన్నదై ఉండాలి. బైక్ జెల్ డబ్బాల మీద సాధారణంగా 4 నుంచి 6 మిల్లీమీటర్ల వరకు అని రాస్తారు. ఇనుప ముక్క కోసేస్తే, గుంతలో పడి రిమ్ము వంగితే జెల్ చేయగలిగిందేమీ లేదు.

నడిగడ్డ ముళ్లకు సరైన మందే

కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న మన నడిగడ్డలో బైక్ తారు రోడ్డు మీదే తిరగదు. విత్తన పత్తి చేలకు, కాలువ గట్ల మీదికి, సర్కారు తుమ్మ కంచెల పక్కనుంచి పోవాల్సిందే. ఆ ముల్లు పొడుగ్గా, గట్టిగా ఉంటుంది కానీ అది చేసే రంధ్రం చిన్నది. జెల్ బాగా మూసేది సరిగ్గా అలాంటి రంధ్రాన్నే. దగ్గర్లో పంచర్ షాపు లేని దారిలో, పొద్దుగూకాక బండి నెట్టుకుంటూ నడిచే బాధ తప్పుతుందంటే అది చిన్న మేలు కాదు.

అయితే మీ బండి రిమ్ములు చూసుకోండి. స్పోక్స్ ఉన్న బండ్లలో ఎక్కువగా ట్యూబ్ టైర్లే ఉంటాయి. ట్యూబ్ పలచన. మేకు దిగితే రంధ్రం పడి ఊరుకోదు, తరచూ చీలుతుంది. పైగా జెల్ తడి మీద ప్యాచ్ అంటుకోదు. కాబట్టి ట్యూబ్ టైరులో ట్యూబ్‌లెస్ మీద ఉన్నంత భరోసా పెట్టుకోవద్దు.

ఇంకోటి మన ఎండ. వేసవిలో 40 డిగ్రీలు దాటే చోట లేటెక్స్ రకం జెల్ కొన్ని నెలల్లోనే ఎండి ఉండలు కడుతుంది. గ్లైకాల్ రకం అంత త్వరగా ఆరిపోదు, నీళ్లతో కడిగితే పోతుంది కూడా. కొనేటప్పుడు రకం, గడువు రెండూ చదవండి. అల్యూమినియం రిమ్ముకు పనికొస్తుందో లేదో కూడా డబ్బా మీద చూడండి.

అసలు ప్రమాదం ఎక్కడ?

మా సాఫ్ట్‌వేర్ పనిలో ఒక చెడ్డ అలవాటు ఉంది. ఎర్రర్ వస్తే బయటికి చెప్పకుండా మింగేసేలా కోడ్ రాసేస్తాం. ప్రోగ్రాం ఆగదు, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. లోపలి తప్పు మాత్రం అలాగే ఉండి, ఒకరోజు పెద్దదై బయటపడుతుంది. నా టైరులో జరిగిందీ అదే. జెల్ పంచర్‌ను ఆపింది, కానీ నాకు చెప్పలేదు. మేకు చుట్టూ కొంచెం కొంచెంగా గాలి పోతూనే ఉంది. గాలి తక్కువున్న టైరు ప్రతి తిరుగుడుకూ ఎక్కువగా నలుగుతుంది, వేడెక్కుతుంది, లోపలి దారాలు దెబ్బతింటాయి.

కార్ల విషయంలో మన ప్రభుత్వం ఈ సంగతి గమనించినట్టే ఉంది. 2020 జూలైలో కేంద్ర రవాణా శాఖ ట్యూబ్‌లెస్ టైర్లు, రిపేర్ కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ అక్కర్లేదని నిబంధన మార్చింది. కానీ ఒక షరతు పెట్టింది. టైరులో గాలి తగ్గితే డ్రైవర్‌కు చెప్పే వ్యవస్థ కూడా కారులో ఉండాలి. మన బైక్‌లలో చాలావాటికి ఆ వ్యవస్థ లేదు. ఆ పని మనమే చేసుకోవాలి.

ఇలా చేయండి

• టైరు సైజును బట్టి ఎన్ని మిల్లీలీటర్లు పోయాలో డబ్బా మీద ఉంటుంది. అంతే పోయించండి. ఎక్కువైతే చక్రం బ్యాలెన్స్ తప్పి, స్పీడులో ఊగినట్టు ఉంటుంది.

• పోయించి గాలి కొట్టించిన వెంటనే కొన్ని కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. అప్పుడే లోపల సమంగా పరుచుకుంటుంది.

• గాలి చూసేటప్పుడు వాల్వు పైకి వచ్చేలా చక్రం తిప్పి కాసేపు ఆగండి. లేకపోతే జెల్ వాల్వులోకి వచ్చి మీటరు పాడవుతుంది.

• పదిహేను రోజులకోసారి, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడండి. ఎంత ఉండాలో బండి మాన్యువల్లో ఉంటుంది. ప్రతిసారీ ఒకే టైరులో తగ్గుతుంటే అందులో ఏదో దిగినట్టే.

• మేకు కనిపిస్తే దారి మధ్యలో లాగేయకండి. రంధ్రం మూసుకుంటుందన్న నమ్మకం లేదు. గాలి నింపి, నెమ్మదిగా షాపుకు వెళ్లి తీయించండి.

• పంచర్ వేయించేటప్పుడు లోపల జెల్ ఉందని ముందే చెప్పండి. తుడిచి, ఆరబెట్టాకే ప్యాచ్ నిలుస్తుంది.

• గుండీలు అరిగిపోయిన టైరులో జెల్ పోయించడం డబ్బు దండగ. ముందు టైరు మార్చండి.

జెల్ మనల్ని పంచర్ షాపుదాకా చేరుస్తుంది. అది పంచర్ షాపు కాదు. ఈసారి పెట్రోలు కొట్టించుకోవడానికి ఆగినప్పుడు పక్కనున్న గాలి మిషన్ దగ్గరికీ వెళ్లండి. ఇంటికొచ్చాక చక్రం నెమ్మదిగా తిప్పుతూ టైరంతా ఓసారి చూడండి. నేను ఈ అలవాటు మొదలుపెట్టిన రెండో వారమే నాన్న బండి ముందు టైరులో ఒక తుమ్మముల్లు దొరికింది.