తెర మీద తేలిన కేసు కోర్టులో ఎందుకు తేలదు?

టూపాక్ షకూర్, నటోరియస్ బి.ఐ.జి. అమెరికా ర్యాప్ సంగీతంలో అతి పెద్ద పేర్లు. రెండో వ్యక్తి అసలు పేరు క్రిస్టఫర్ వాలెస్, అభిమానులకు బిగ్గీ. మొదట్లో స్నేహితులు, తర్వాత బద్ధశత్రువులు. ఆరు నెలల తేడాతో ఇద్దరూ కాల్పుల్లో చనిపోయారు. టూపాక్‌కు 25 ఏళ్లు, బిగ్గీకి 24. ఈ హత్యల మీద డాక్యుమెంటరీలు వస్తూనే ఉన్నాయి. ఏది చూసినా హంతకుడు దొరికేసినట్టే అనిపిస్తుంది. మరి కోర్టులో ఎందుకు దొరకలేదు?

ముందు జరిగినదేమిటో చూద్దాం. 1996 సెప్టెంబర్ 7 రాత్రి లాస్ వేగాస్‌లోని ఎంజీఎం గ్రాండ్ హోటల్లో టూపాక్ మైక్ టైసన్ బాక్సింగ్ పోటీ చూశాడు. బయటికొస్తూ తన మనుషులతో కలిసి, ఓర్లాండో ఆండర్సన్ అనే కాంప్టన్ ముఠా కుర్రాణ్ణి లాబీలోనే కొట్టాడు. హోటల్ కెమెరాలో ఆ దృశ్యం రికార్డయింది. ఆ రాత్రే, టూపాక్‌ను ఎక్కించుకుని డెత్ రో రికార్డ్స్ అధిపతి షుగ్ నైట్ నడుపుతున్న నల్ల బీఎండబ్ల్యూ సిగ్నల్ దగ్గర ఆగింది. పక్కనే తెల్ల క్యాడిలాక్ వచ్చి ఆగింది. అందులోంచి కాల్పులు జరిగాయి. టూపాక్ ఆరు రోజులు మృత్యువుతో పోరాడి కన్నుమూశాడు. 1997 మార్చి 9న, లాస్ ఏంజిలస్‌లోని పీటర్సన్ ఆటో మ్యూజియంలో విందు ముగించుకుని బయల్దేరిన బిగ్గీనీ అలాగే, పక్కకొచ్చిన కారులోంచే కాల్చారు. నాలుగు తూటాలు తగిలాయి.

బిగ్గీ హత్య మీద వచ్చిన రెండు సినిమాలు పక్కపక్కన పెట్టి చూస్తే మన ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. 2002లో నిక్ బ్రూమ్‌ఫీల్డ్ ‘బిగ్గీ అండ్ టూపాక్’ తీశాడు. మైకు తనే పట్టుకుని, జైలు ఆవరణలో ఉన్న షుగ్ నైట్ దాకా వెళ్లాడు. లాస్ ఏంజిలస్ పోలీసు శాఖ మాజీ డిటెక్టివ్ రసెల్ పూల్ వాదన ఆ సినిమాకు ఆధారం: హత్య వెనక నైట్, అతనితో సంబంధాలున్న పోలీసులు ఉన్నారని. 2015లో వచ్చిన ‘మర్డర్ ర్యాప్’కు అదే శాఖలో పనిచేసిన గ్రెగ్ కేడింగ్ ఆధారం. నైట్ తరఫున డబ్బు తీసుకుని ఓ ముఠా సభ్యుడు కాల్చాడంటాడు ఆయన. ఒకే శాఖ, ఒకే హత్య, ఇద్దరు డిటెక్టివ్‌లు, ఇద్దరు వేర్వేరు హంతకులు. ఏ సినిమా చూస్తే అదే నిజమనిపిస్తుంది, ఎందుకంటే రెండోవైపు నుంచి అడ్డుప్రశ్న వేసేవాడు అందులో ఉండడు. నైట్ మాత్రం ఈ ఆరోపణలను కొట్టిపారేశాడు. బిగ్గీ హత్యలో ఎవరి మీదా అభియోగం నమోదు కాలేదు.

కోర్టులో అడ్డుప్రశ్న తప్పదు. పూల్ వాదనకు బలమిచ్చిన ఇన్‌ఫార్మర్లలో ఒకడు, తాను చెప్పింది ఎవరో చెప్పుకుంటుంటే విన్నదేనని 2005లో ఒప్పుకున్నాడు. విన్నదాన్ని కళ్లారా చూసిన సాక్ష్యంగా కోర్టు తీసుకోదు. కేడింగ్ చెప్పిన షూటర్ 2003లోనే హతుడయ్యాడు; చనిపోయినవాణ్ణి బోనెక్కించలేరు. టూపాక్ హత్యలో అనుమానితుడైన ఆండర్సన్ కూడా ఆ నేరం తాను చేయలేదంటూనే, 1998లో మరో కాల్పుల ఘటనలో చనిపోయాడు.

మరో చిక్కు ప్రొఫర్ ఒప్పందం. ‘నువ్వు చెప్పేది నీ మీద ప్రయోగించం, ఉన్నదున్నట్టు చెప్పు’ అని అధికారులు అనుమానితుడికి ఇచ్చే హామీ ఇది. ఆండర్సన్ మేనమామ డ్వేన్ డేవిస్, అలియాస్ కెఫీ డి, అలాంటి హామీ మీదే కేడింగ్ బృందంతో మాట్లాడాడు. ఆ క్యాడిలాక్‌లో ముందు సీట్లో తానున్నానన్నాడు. కానీ హామీ ఇచ్చాక ఆ మాటలతో అతని మీద కేసు పెట్టే వీలు లేదు.

టూపాక్ కేసు కదిలింది ఆ తర్వాతే. డేవిస్ అవే మాటలు 2018లో టీవీలో, 2019లో తన ఆత్మకథలో మళ్లీ చెప్పాడు. వాటికి ఏ హామీ రక్షణా లేదు. 2023 సెప్టెంబర్‌లో లాస్ వేగాస్ పోలీసులు అతన్ని హత్యానేరం కింద అరెస్టు చేశారు. తాను నిర్దోషినని అతను కోర్టుకు చెప్పుకున్నాడు. డబ్బు కోసం, పేరు కోసం అల్లిన కథలవి అన్నది డిఫెన్స్ వాదన. అంటే కెమెరా ముందు పలికిన మాట ప్రాసిక్యూషన్‌కు సాక్ష్యం, డిఫెన్స్‌కు కట్టుకథ. ఏది ఏదో తేల్చాల్సింది కోర్టే.

అందుకే ఇలాంటి డాక్యుమెంటరీ చూసేటప్పుడు మూడు ప్రశ్నలు మరిచిపోకండి. ఈ మాట చెబుతున్న మనిషి చూశాడా, విన్నాడా? చెప్పినందుకు అతనికి ఏం దక్కింది? ఎవరి వాదన ఇందులో లేదు? ఈ మూడింటికీ సినిమా జవాబివ్వకపోతే, అది ఎంత బాగా తీసినా అనుమానమే తప్ప తీర్పు కాదు.