లంఖణం పెద్దలకు సరే... పసిపిల్లలకు ముప్పే!

తొలకరి వానలు పడితే పల్లెల్లో నాగళ్లతోపాటు పసిపిల్లల విరేచనాలూ మొదలవుతాయి. మురుగు వాననీరు బావుల్లో, పగిలిన కుళాయి గొట్టాల్లో కలుస్తుంది. ఈగలు ముసురుతాయి. ముందుగా దెబ్బ తగిలేది అయిదేళ్ల లోపు పిల్లలకే.

బిడ్డకు నీళ్ల విరేచనాలు పట్టుకోగానే చాలా ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే మాట ఒకటే: 'లంఖణం పరమౌషధం. పాలు ఆపండి, నీళ్లు పట్టకండి' అని. కొందరు పళ్లు వస్తున్నాయని, మరికొందరు దిష్టి తగిలిందని ఊరుకుంటారు. ఈలోగా బిడ్డ వాడిపోతుంది. నిజానికి చాలామంది పసివాళ్ల ప్రాణం తీసేది విరేచనం కాదు, దానితోపాటు ఒంట్లోంచి పోయే నీరు, లవణాలు. పోయినదాన్ని పోయినట్టే తిరిగి పోస్తే బిడ్డ దక్కుతుంది. నీళ్లు ఆపితే విరేచనాలు ఆగవు, బిడ్డ నీరసించిపోతుంది.

1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి తరలివచ్చిన కాందిశీకులకు బెంగాల్ సరిహద్దులోని బొంగావ్ వద్ద కలరా సోకింది. సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. అక్కడ పనిచేసిన డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీళ్లలో కలిపి రోగుల బంధువుల చేతే తాగించారు. నూటికి 30 వరకు ఉన్న మరణాలు 4 లోపుకు దిగాయి. ఆయనకు 2023లో, మరణానంతరం, పద్మవిభూషణ్ ప్రకటించారు. నేటి ఓ.ఆర్.ఎస్. పొట్లం ఆ కోవలోదే. పేగులోకి చక్కెర ఉప్పును వెంటబెట్టుకుని పోతుంది, ఆ వెనకే నీరూ పోతుంది. కిటుకు అంతే.

కలిపే పద్ధతి

లీటరు పొట్లమైతే మొత్తం పొడిని ఒకేసారి, కాచి చల్లార్చిన లీటరు నీటిలో కలపాలి. సగం పొడి సగం నీళ్లు అనే లెక్క వద్దు. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి. రెండేళ్లలోపు బిడ్డకు విరేచనం అయిన ప్రతిసారీ పావు నుంచి అర గ్లాసు, ఆపై వయసువారికి అర నుంచి గ్లాసు పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో మెల్లగా మళ్లీ మొదలుపెట్టాలి.

పొట్లం దొరకకపోతే లీటరు నీటికి తలకొట్టిన 6 టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు చాలు. రుచి చూస్తే కన్నీటికన్నా ఉప్పగా ఉండకూడదు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.

దుకాణాల్లో అమ్మే కూల్‌డ్రింకులు, తీపి పానీయాలు ఇందుకు పనికిరావు. పండ్ల రసాల డబ్బాలపై ఓ.ఆర్.ఎస్. అన్న మాట వాడరాదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. రంగు డబ్బా చూసి మోసపోరాదు.

తిండి ఆపవద్దు

తల్లిపాలు ఎట్టి పరిస్థితిలోనూ మానరాదు. ఆరు నెలలు దాటిన పిల్లలకు గంజి, పలుచని మజ్జిగ, పెసరపప్పుతో మెత్తగా ఉడికించిన అన్నం, అరటిపండు కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పెట్టాలి. దీంతోపాటు జింకు మాత్రలు 14 రోజులు వేయాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు 10. చెంచాడు నీళ్లలోనో, తల్లిపాలలోనో కరిగించి పట్టవచ్చు. విరేచనాలు తగ్గినా మధ్యలో మానరాదు. పొట్లాలు, మాత్రలు ఆశా కార్యకర్త దగ్గర, ఆరోగ్య ఉపకేంద్రంలో ఉచితంగా ఇస్తారు. విరేచనాలు కట్టేసే మాత్రలు పసివాళ్లకు సొంతంగా వేయరాదు.

ఆలస్యం వద్దు

కళ్లు లోతుకు పోయినా, ఏడ్చినా కన్నీరు రాకపోయినా, పొట్టమీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకున్నా, ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా, మలంలో రక్తం పడినా, బిడ్డ మత్తుగా ఉండి తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. 108కి ఫోన్ చేయాలి. దారిలో కూడా, తాగగలిగితే, ఓ.ఆర్.ఎస్. పడుతూనే ఉండాలి. రెండు నెలలు నిండని బిడ్డయితే ఈ గుర్తులకోసం ఎదురుచూడకుండా డాక్టరుకు చూపించాలి.

రాకుండా చూసుకోవడం ఇంకా మేలు. నీళ్లు కాచి తాగాలి. వంటకు ముందు, మరుగుదొడ్డికి పోయి వచ్చాక, బిడ్డ మలం శుభ్రం చేశాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తీవ్రమైన విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కు నోటి టీకా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి ప్రభుత్వమే వేస్తున్నది. తెలంగాణలోనూ ఇస్తున్నారు. బిడ్డకు 6, 10, 14 వారాలకు వేయించాలి.

గుప్పెడు పంచదార, చిటికెడు ఉప్పు లేని ఇల్లు ఉండదు. వాటిని ఏ పాళ్లలో కలపాలో ఇంట్లో అమ్మమ్మ, నాయనమ్మ సహా అందరికీ తెలిసి ఉండాలి.