'కుడ్' అంటే చేశారా, చేయగలిగేవారా?

ఉద్యోగ ఇంటర్వ్యూలో ఒక అభ్యర్థి తన ఘనత చెప్పుకోవాలని 'ఐ కుడ్ కంప్లీట్ ద ప్రాజెక్ట్ ఇన్ త్రీ మంత్స్' అన్నాడనుకుందాం. మూడు నెలల్లో ప్రాజెక్టు పూర్తి చేయగలిగానని అతని ఉద్దేశం. ఎదురుగా ఉన్నది బ్రిటిష్ లేదా అమెరికన్ అధికారి అయితే 'అవకాశమిస్తే మూడు నెలల్లో పూర్తి చేయగలను' అని అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. చేసిన పని కాస్తా ఇంకా చేయని పనిగా మారిపోతుంది.

ఈ పొరపాటుకు మూలం బడిలో నేర్చుకున్న 'క్యాన్‌కు పాస్ట్ టెన్స్ కుడ్' అన్న సూత్రం. అది అబద్ధం కాదు, సగం నిజం.

గతంలో ఎప్పుడూ ఉన్న సామర్థ్యాన్ని చెప్పడానికి 'కుడ్' సరిపోతుంది. 'హి కుడ్ స్విమ్ వెన్ హి వాజ్ ఫైవ్' అంటే ఐదేళ్లప్పుడే ఈదగలిగేవాడు. అదే ఒకానొక సందర్భంలో ప్రయత్నించి సాధించిన పనైతే 'వాజ్ ఏబుల్ టు' లేదా 'మేనేజ్డ్ టు' కావాలి. పడవ మునిగింది, అయినా 'హి వాజ్ ఏబుల్ టు స్విమ్ టు ద బ్యాంక్', అంటే ఒడ్డుకు ఈదగలిగాడు. గమనిస్తే ఈ తేడా తెలుగువారికి కొత్తది కాదు. 'ఈదగలిగేవాడు', 'ఈదగలిగాడు' అని మనం వేరువేరుగానే అంటాం. ఇంగ్లిష్‌కు మాతృభాష అడ్డమనే మాట తరచూ వినిపిస్తుంది కానీ, ఇక్కడ దారి చూపేది అదే.

సాధించలేకపోయిన పనికి ఈ పట్టింపు లేదు. 'హి కుడ్ నాట్ ఓపెన్ ద డోర్' అన్నా, 'వాజ్ నాట్ ఏబుల్ టు' అన్నా తలుపు తెరవలేకపోయాడనే. చూడడం, వినడం, గుర్తుండడం వంటి క్రియలకూ మినహాయింపు ఉంది. 'ఐ కుడ్ సీ ద స్మోక్' అంటే ఆ ఒక్కసారికే అయినా తప్పు కాదు.

భవిష్యత్తులో 'విల్ క్యాన్' అని ఎందుకు అనరు? ప్రామాణిక ఇంగ్లిష్‌లో రెండు మోడల్ క్రియలు పక్కపక్కన నిలవవు. పైగా 'క్యాన్'కు 'టు' చేరే రూపం గానీ, 'హ్యావ్' తర్వాత వచ్చే రూపం గానీ లేవు. ఆ ఖాళీలన్నీ 'బి ఏబుల్ టు' నింపుతుంది: 'విల్ బి ఏబుల్ టు', 'హ్యావ్ బీన్ ఏబుల్ టు'. అయితే ఇప్పుడే తేల్చి చెబుతున్న రేపటి పనికి 'ఐ క్యాన్ కమ్ టుమారో' చాలు.

'కుడ్' స్పెల్లింగ్‌లోని 'ఎల్' అక్షరం కూడా అరువు సరుకే. పాత ఇంగ్లిష్‌లో అది లేదు. 'వుడ్', 'షుడ్'లను చూసి తర్వాత చేర్చారు. 'క్యాన్' మూలార్థం తెలిసి ఉండడం. తెలుగులో 'ఈత తెలుసు' అన్నట్టే.

అన్నిటికన్నా నష్టం చేసేది 'కుడ్ హ్యావ్'. 'ఐ కుడ్ హ్యావ్ కంప్లీటెడ్ ఇట్' అంటే పూర్తి చేసి ఉండగలిగేవాణ్ణే, కానీ చేయలేదని. గతం అని నొక్కి చెప్పాలని దీన్ని వాడే అభ్యర్థి తన వైఫల్యాన్ని తానే ఒప్పుకున్నట్టవుతుంది. నిజంగా పని పూర్తిచేసినవారికి సామర్థ్యం ప్రస్తావనే అక్కర్లేదు. 'ఐ కంప్లీటెడ్ ఇట్ ఇన్ త్రీ మంత్స్' అంటే సరి.