పేరు మారితే చాలునా?

వ్యాపార సంస్థ పేరులో ప్రజల విశ్వాసం నిక్షిప్తమై ఉంటుంది. అది సడలినప్పుడు పేరు మార్చవలసిన అవసరం కలుగుతుంది. 1987లో హైదరాబాదులో ప్రారంభమైన సత్యం కంప్యూటర్స్ సంస్థ లెక్కలు అసత్యాలని 2009 జనవరి 7న దాని అధ్యక్షుడే అంగీకరించాడు. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ సంస్థను దక్కించుకొంది. పాత పేరును ఉంచితే అపకీర్తి వెంటాడుతుంది. పూర్తిగా తొలగిస్తే ఖాతాదారులతో ఏళ్ల తరబడి ఏర్పడిన పరిచయం తెగిపోతుంది. అందుకు మధ్యేమార్గంగా జూన్‌లో 'మహీంద్రా సత్యం' అనే జంట పేరు వెలువడింది. అందులో కొత్త పదం భరోసాను, పాత పదం పరిచయాన్ని సూచించాయి. 2013లో ఆ సంస్థ టెక్ మహీంద్రాలో విలీనం కావడంతో 'సత్యం' అనే పదం తొలగిపోయింది. కొత్త పేరు సంస్థకు కొంత వ్యవధిని మాత్రమే ఇస్తుంది. పోయిన విశ్వాసాన్ని తిరిగి తేగలిగినది సత్ప్రవర్తన ఒక్కటే.