బూజుకు బూజు పడితే?

రొట్టెముక్క తడిగా వుండిపోతే దాని మీద బూజు పడుతుంది. ఈ సంగతి మీకందరికీ తెలిసిందే. కాని, బూజుకు కూడా బూజు పడుతుందని మీరెన్నడైనా విన్నారా?

పుట్టగొడుగు మొక్క కాదు. అది బూజు జాతిదే. ఈ జాతిని శిలీంధ్రాలు అంటారు. పుట్టగొడుగులకు వచ్చే పెద్ద తెగుళ్ళలో చాలావాటికి కారణం వేరొక శిలీంధ్రం. అంటే ఇది దాయాదుల పోరు అన్నమాట!

చిక్కంతా ఇక్కడే వున్నది. వరికి బూజు తెగులు వస్తే, బూజును చంపే మందు చల్లుతారు, వరి బతుకుతుంది. పుట్టగొడుగుల మీద అటువంటి మందు చల్లితే దొంగతోపాటు ఇంటివాడు కూడా చావవచ్చు. దొంగను మాత్రమే చంపే మందులు బహు కొద్ది. కొన్నాళ్ళకు తెగులు వాటికీ లొంగకుండా పోతుంది. అందుచేత తెగులును రానివ్వకపోవటమే అసలైన వైద్యం.

హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్ ప్రాంతంలో తెల్లని బటన్ పుట్టగొడుగులను విరివిగా పెంచుతారు. గదిలో అరల మీద, గడ్డీ ఎరువూ కలిపి మాగవేసిన కంపోస్టు పరుస్తారు. దానిలో పుట్టగొడుగు దారాలు అల్లుకున్నాక, పైన ఒకటిన్నర అంగుళాల మట్టి కప్పుతారు. పంట వచ్చేటప్పుడు గది వేడి 16 నుంచి 18 డిగ్రీల సెంటీగ్రేడు వుండాలి.

ఈ పంటకు వచ్చే తెగుళ్ళలో ఎండు బుడగ తెగులు ఒకటి. ఇది సోకిన పుట్టగొడుగుకు కాడా గొడుగూ సరిగా ఏర్పడవు. వంకర ముద్దలాగా ఉబ్బుతుంది. తెగులు బీజాలు శుద్ధి చేయని పైమట్టితో గదిలోకి రావచ్చు. అందుకే మట్టిని ముందుగా ఆవిరి పట్టాలి. గది వేడి 20 డిగ్రీలకు చేరి, గాలి ఆడక, పుట్టగొడుగుల మీద తడి ఆరకపోతే తెగులుకు పండుగే.

ఈ బీజాలు జిగురుగా వుంటాయి. చల్లిన నీటి తుంపరలు, చిన్న ఈగలు, కోసేవాళ్ళ చేతులు—ఈ మూడూ వాటికి వాహనాలు. ముద్ద కనబడగానే నీళ్ళు చల్లితే మనమే తెగులును అర నిండా చిమ్మినట్టు! ముందు ముద్ద మీద తడి కాగితం కప్పి, దానిపై ఉప్పు దట్టంగా పోయాలి. ఆ తరవాతనే నీళ్ళు. ఒక్క ముద్దను చూసీ చూడనట్టు వదిలితే, తరవాతి కోతలకు పంటంతా పాడుకావచ్చు.

తెలిసిన రైతులు మరొక నియమం కూడా పాటిస్తారు. పనివాళ్ళు పొద్దున్నే లేతపంట గదిలో పని మొదలుపెట్టి, ముదురుపంట గదిలో ముగిస్తారు. చేతులూ కాళ్ళూ కడుక్కుని, బట్టలు మార్చుకోనిదే మళ్ళీ లేతపంట గదిలో అడుగుపెట్టరు.

ఎందుకో ఇప్పుడు మీరే చెప్పండి!