తొలి బిడ్డ రాకకు ముందు మా ఇల్లు

కొత్త దంపతుల ఇంట్లో తొలి కాన్పు అంటే ఊరంతటికీ సంబరమే. ఆదివారం ఆరాధన ముగిసి మందిరం మెట్లు దిగేలోపు "ఎన్నో నెలమ్మా?" అని పదిమందైనా అడుగుతారు. గాజులు ఎప్పుడు వేస్తారు, పేరు ఏమి అనుకుంటున్నారు అని కూడా అడుగుతారు. కాని ఆ తొమ్మిది నెలలూ ఇంట్లో ఏమి వండాలి, బరువు పనులు ఎవరు చెయ్యాలి, డబ్బు ఎలా కూడబెట్టాలి, అర్ధరాత్రి నొప్పులు వస్తే బయలుదేరమని చెప్పేది ఎవరు అన్న సంగతులు చాలా ఇళ్లలో ఎవరూ కూర్చుని మాట్లాడుకోరు. ఆ మాటలనే మన కుటుంబాలతో పంచుకోవాలని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాము.

మేము ఇందుకూరుపేట మండలంలో, మైపాడు సముద్ర తీరానికి వెళ్లే దారిలో కాపురముంటున్న దంపతులము. మాలో ఒకరు రొయ్యల గుంటల దగ్గర పని చేస్తే, మరొకరు సాయంత్రాలు పిల్లలకు ట్యూషను చెబుతారు. కొద్దిపాటి వరి కయ్య కూడా ఉంది. ఇప్పుడు మా ఇంట్లో ఏడో నెల నడుస్తున్నది. డాక్టరమ్మ చెప్పిన తేదీ నవంబరు నెలాఖరు.

నిర్ణయం ఇంట్లోనే మొదలవుతుంది

మన జిల్లా నుంచి ఎంతోమంది వైద్యానికి వెళ్లే వేలూరు ఆసుపత్రి ఎలా పుట్టిందో పెద్దలకు తెలిసిన కథే. అయినా బిడ్డ కోసం ఎదురుచూసే ప్రతి ఇంట్లోనూ అది మరొకసారి చెప్పుకోదగినది. 1890ల తొలి సంవత్సరాలలో ఐడా స్కడర్ అనే యువతి తమిళ ప్రాంతంలోని తిండివనంలో తన తల్లిదండ్రుల దగ్గర ఉండేది. ఒకే రాత్రి ముగ్గురు మగవారు వేర్వేరుగా వచ్చి, తమ భార్యలు కాన్పు కష్టంలో ఉన్నారని, వచ్చి సాయం చెయ్యమని ఆమెను బతిమాలారు. ఆమె అప్పటికి వైద్యం చదువుకోలేదు. ఆమె తండ్రి వైద్యుడు. ఆయనను వెంట తీసుకువస్తానని చెప్పినా, పరాయి మగవాడు మా ఆడవారిని చూడరాదని ముగ్గురూ వెనుదిరిగారు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆ తర్వాతే ఆమె అమెరికా వెళ్లి వైద్యం చదివి, 1900లో తిరిగివచ్చి వేలూరులో పని మొదలుపెట్టింది. 1902లో అక్కడ స్త్రీల ఆసుపత్రి, 1918లో స్త్రీల వైద్య పాఠశాల వెలిశాయి. మన గుంటూరులో కూడా 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ స్త్రీల కోసమే పాటుపడి 1898లో ఆసుపత్రి తెరిచింది.

ఆ ముగ్గురు తల్లులు ఆసుపత్రి దూరమై చనిపోలేదు. వైద్యుడు అదే ఊరిలో ఉన్నాడు. ఇల్లు ఒప్పుకోలేదు, అంతే. తల్లుల మరణాలకు మూడు ఆలస్యాలు కారణమని ఈనాటి వైద్యులు చెబుతారు. బయలుదేరుదామని ఇంట్లో నిర్ణయించడంలో ఆలస్యం మొదటిది. దారిలో ఆలస్యం రెండవది. ఆసుపత్రికి చేరాక వైద్యం అందడంలో ఆలస్యం మూడవది. చివరి రెండూ ప్రభుత్వం, వైద్యులు చూసుకోవలసినవి. మొదటిది మాత్రం పూర్తిగా మన చేతిలో ఉన్నదే.

పరిస్థితి ఎంతో మెరుగుపడిన మాట నిజం. 2004–06 నాటి ప్రభుత్వ లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకు 154 మంది తల్లులు మరణించారు. 2018–20 నాటికి మన రాష్ట్రంలో ఆ సంఖ్య 45కు తగ్గింది. 108 వాహనాలు, ఆశా కార్యకర్తలు, ఆసుపత్రి కాన్పులు ఇందుకు తోడ్పడ్డాయి. అయినా ఆ 45 మందిలో ప్రతి ఒక్కరికీ ఒక ఇల్లు ఉంది. అందుకే మా ఇంట్లో ఒక మాట అనుకున్నాము. కష్టం కనబడిన వెంటనే, ఇంట్లో పెద్దవారు ఎవరూ లేకపోయినా, ఎవరి అనుమతికీ ఆగకుండా బయలుదేరడమే. ఆ మాట అత్తమామల ముందే, అందరం కలిసి కూర్చున్నప్పుడు అనుకున్నాము. ముందే ఒప్పుకున్న మాట మీద ఆ రాత్రి తర్జనభర్జన ఉండదు.

పుట్టింటికా, ఇక్కడేనా?

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం. అందులో ఎంతో మంచి ఉంది. కన్నతల్లి దగ్గర కూతురికి జంకు ఉండదు, విశ్రాంతి దొరుకుతుంది. అయితే మా పుట్టిల్లు విడవలూరు మండలంలో, పెన్నకు ఉత్తరపు గట్టున ఉంది. మా ఊరు, నెల్లూరు ఆసుపత్రులు దక్షిణపు గట్టున ఉన్నాయి. అక్కడి నుంచి నెల్లూరు రావాలంటే కోవూరు మీదుగా వచ్చి పెన్న దాటాలి. ఇక తేదీ చూస్తే నవంబరు నెలాఖరు. మన తీరానికి తుపానుల కాలం.

2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద మన వారెవరూ మరచిపోలేదు. కోవూరు దగ్గర పడుగుపాడు వద్ద జాతీయ రహదారి, రైలు కట్ట రెండూ దెబ్బతిని రాకపోకలు ఆగిపోయాయి. అటువంటి రోజున అవతలి గట్టున నొప్పులు మొదలైతే ఏమి గతి? ఈ ప్రశ్న మేము నెమ్మదిగా పెద్దల ముందు పెట్టాము.

మామగారికి మొదట మనసు కష్టమైంది. "అల్లుడుగారూ, తొలి కాన్పు మా ఇంట్లో చెయ్యకపోతే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు. ఆ మాటలో అహం లేదు, కూతురి మీద ప్రేమ ఉంది. అందుకే వాదించలేదు. కాగితం మీద పెన్నను గీసి, రెండు ఇళ్లనూ, ఆసుపత్రినీ, వంతెననూ గుర్తుపెట్టి చూపించాము. ఆయన చాలాసేపు ఆ కాగితాన్ని చూసి, "అయితే మీ అత్తనే మీ ఇంటికి పంపిస్తాను. బిడ్డ పుట్టి నీళ్లు తగ్గాక ఇద్దరినీ మేము తీసుకుపోతాము" అన్నారు. మరియ కొండసీమకు ప్రయాణమై ఎలీసబెతు ఇంట మూడు నెలలు ఉన్నట్టు లూకా సువార్తలో చదువుతాము. పెద్ద వయసులో గర్భవతియైన ఎలీసబెతుకు, చిన్నదైన మరియకు ఒకరికొకరు తోడు కావలసి వచ్చింది. ఎవరు ఎవరి గడప దాటినా ముఖ్యమైనది ఆ తోడే గదా!

నెలలు నిండాక తుపాను హెచ్చరిక వస్తే, నొప్పుల కోసం కాచుకోకుండా ముందే నెల్లూరులోని బంధువుల ఇంటికి చేరాలని కూడా అనుకున్నాము. తుపాను సమయంలో నెలలు నిండిన గర్భవతులను అధికారులు ముందుగానే ఆసుపత్రులకు తరలిస్తుంటారు. మన పేరు, తేదీ ఆశా కార్యకర్త దగ్గర, నర్సమ్మ దగ్గర రాసి ఉంటేనే వారు మనలను వెతుక్కుంటూ రాగలరు.

వంటింట్లో

మన రాష్ట్రంలో గర్భవతులలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. రక్తంలో హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్న తక్కువ ఉంటే గర్భవతికి రక్తం తక్కువైనట్టే. అలాంటి తల్లికి కాన్పు సమయంలో కొద్దిపాటి రక్తస్రావం కూడా ప్రాణాంతకం కావచ్చు. అందుకే నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు ఐరన్ మాత్రలు ఇస్తారు. ఆ మాత్రలతో మలం నల్లగా రావడం సహజమే, భయపడనవసరం లేదు. టీ, కాఫీలతో గాని, కాల్షియం మాత్రతో గాని కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. మా ఇంట్లో మధ్యాహ్నం టీ మానేసి నిమ్మకాయ నీళ్లు పెట్టుకున్నాము.

ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని కొందరు పెద్దవారు కోడలి కంచంలో అన్నం తగ్గిస్తారు. అది ప్రేమతో చేసే పనే గాని సరికాదు. సాధారణంగా తల్లి పది పన్నెండు కిలోల బరువు పెరగాలి. తక్కువ తింటే బిడ్డ బరువు తక్కువతో పుట్టవచ్చు, తల్లికి నీరసం. ఖరీదైన పండ్లే కావాలని లేదు. రాగి సంగటి, మునగాకు, తోటకూర, పప్పు, గుడ్డు, వేరుశనగ ఉండలు చాలు. మనకు సముద్రం దగ్గరే గనుక నెత్తళ్లు, కానాగంతలు వంటి చిన్న చేపలు బాగా ఉడికించి తినవచ్చు. సొర వంటి పెద్ద చేపలలో పాదరసం ఎక్కువ చేరుతుంది, అవి ఈ నెలల్లో మానడం మేలు. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లు, పాలు గర్భవతికే చెందాలి. ఇంటిల్లిపాదికీ పంచిపెడితే ఆమెకు మిగిలేది ఏమీ లేదు.

కుంకుమపువ్వు తాగితే బిడ్డ తెల్లగా పుడుతుందన్నది నిజం కాదు. గ్రహణం చూసినందువల్ల మొర్రి రాదు. ఆ పేరుతో గర్భవతిని గంటల తరబడి ఆకలితో, దాహంతో గదిలో ఉంచడమే హాని.

మగవారి పని ఏమిటి?

"కాన్పు ఆడవారి సంగతి, మనకెందుకు" అనే మాట గుంటల గట్ల మీద తరచు వినబడుతుంది. మా అనుభవంలో మగవారికి ఎంతో పని ఉంది. నీళ్ల బిందెలు మొయ్యడం, బియ్యపు బస్తా కదపడం, పొయ్యి దగ్గర పొగ లేకుండా చూడడం మొదటిది. ఇంట్లో బీడీ, సిగరెట్టు కాల్చకపోవడం రెండవది. ఆ పొగ కడుపులోని బిడ్డకు కూడా చెరుపు చేస్తుంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భవతులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. ఆ రోజు పని మానుకొని వెంట వెళ్లడం మూడవది.

అపాయ సూచనలు ఇంట్లో అందరికీ కంఠతా రావాలి. ఏ కొంచెం రక్తస్రావమైనా, తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం చేతులు వాయడం, ఫిట్స్, ఎక్కువ జ్వరం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి. మేము వీటిని క్యాలెండరు పక్కన పెద్ద అక్షరాలతో రాసి అంటించాము. దానికింద 108, ఊరిలో ఆటో నడిపే తమ్ముడి నంబరు, రక్తం ఇస్తామన్న ఇద్దరి పేర్లు రాశాము. ఒక సంచిలో ఆధార్, తల్లీబిడ్డల సంరక్షణ కార్డు, బ్యాంకు పుస్తకం, ఉతికిన పాత మెత్తటి చీరలు సర్దాము. తొలి బిడ్డకు మాతృ వందన పథకం కింద కేంద్రం 5,000 రూపాయలు ఇస్తుంది. 2017 నుంచి అమలులో ఉన్న ఈ సాయం కోసం ముందే పేరు నమోదు చేయించుకోవాలి.

ఇంకొక పని ఏమిటంటే వినడం. రాత్రిళ్లు నిద్ర పట్టక "నాకేమైనా అయితే?" అని ఆమె అన్నప్పుడు, "పిచ్చిమాటలు మాట్లాడకు" అని నోరు మూయించకూడదు. ఆ భయాన్ని చెప్పుకోనిచ్చి, ఇద్దరూ కలిసి ప్రార్థన చేసుకుంటే గుండె తేలికపడుతుంది.

కొడుకా, కూతురా?

ఈ ప్రశ్న మమ్మల్ని అడగనివారు లేరు. కడుపులో ఉన్నది ఆడో మగో స్కానింగులో చెప్పడం, చెప్పించుకోవడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం, జైలు శిక్ష కూడా పడుతుంది. పైగా బిడ్డ ఆడో మగో అన్నది తండ్రి నుంచి వచ్చే కణాన్ని బట్టి ఉంటుంది. దానికి కోడలిని నిందించడం అజ్ఞానం, అన్యాయం కూడా. న్యాయాధిపతుల గ్రంథంలో మానోహ తనకు కలుగబోయే బిడ్డను ఎలా పెంచాలో నేర్పించమని దేవుని వేడుకున్నాడు. తండ్రి కాబోయేవాడు అడగవలసిన ప్రశ్న అదేనని మాకు తోస్తుంది.

మొదటి గంట

బిడ్డ పుట్టిన గంటలోపే తల్లిపాలు పట్టాలి. మొదట వచ్చే పసుపుపచ్చని ముర్రుపాలు పిండి పారబోయకూడదు, రోగాలను తట్టుకునే శక్తి అందులోనే ఉంది. తేనె, చక్కెర నీళ్లు, ఆముదం నాకించకూడదు. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అవసరం లేదు. మొదటి రోజున స్నానం చేయించకుండా బిడ్డను తల్లి గుండెకు ఆనించి వెచ్చగా ఉంచాలి. పథ్యం పేరుతో బాలింతకు నీళ్లు, కూరలు తగ్గించవద్దు. పాలిచ్చే తల్లికి గర్భవతి కన్న ఎక్కువ తిండి కావాలి. ఈ సంగతులు మా అత్తయ్యలిద్దరితోనూ ముందే మాట్లాడుకున్నాము. ముర్రుపాల మాట విని పెద్ద అత్తయ్య నవ్వి, "దూడకు జున్నుపాలు వదలకపోతే ఊరుకుంటామా? మన బిడ్డకు మాత్రం ఎందుకు పారబోస్తాము?" అన్నది. అంతకన్న చక్కగా ఏ డాక్టరూ చెప్పలేరు.

సంఘంలోని అక్కచెల్లెళ్లకు ఒక మనవి. గర్భవతి ఇంటికి మిఠాయి పొట్లంతో వచ్చేవారు చాలామందే ఉంటారు. ఒక పూట వంట చేసిపెట్టేవారు, ఆసుపత్రికి తోడు వచ్చేవారు ఇంకా ఎక్కువ మేలు చేసినవారవుతారు. అలాగే ఏళ్ల తరబడి బిడ్డ కోసం కనిపెట్టుకొని ఉన్న దంపతులు, కడుపులోనే బిడ్డను పోగొట్టుకున్న తల్లులు మన బల్లల మీదనే కూర్చుని ఉంటారు. మన సంతోషం వారి గాయాన్ని రేపకుండా మాట్లాడడం కూడా ప్రేమ నేర్పవలసిన పాఠమే.

మా సంచి సర్దడం అయింది. నంబర్లు గోడ మీద ఉన్నాయి. ఇకమీద వచ్చే నెలలు దేవుని చేతిలో ఉన్నాయి. ఆయన చేతిలో ఉన్నాయి గదా అని మన చేతులు ముడుచుకోకుండా, చెయ్యవలసినది చేస్తూ, మేము సంతోషంగా కనిపెట్టుచున్నాము.