ఆటకు గూడ ఓ మాన్యం ఉండాలె

మొన్న మా ఊరి పిలగాడొకడు ఫోన్ చేసిండు. డిగ్రీ సదువుతున్నడు, కబడ్డీ మంచిగ ఆడ్తడు. "అన్నా, అమెరికా కాలేజీలల్ల ఆటలకు ఎండోమెంట్ పైసలు ఇస్తరట. ఎండోమెంట్ అంటే గుళ్ల శాఖ గదా? ఆటలకూ దానికీ ఏం సంబంధం?" అని అడిగిండు. నవ్వొచ్చింది గని, వాడు అడిగినదాంట్ల తప్పేం లేదు. మన దిక్కు ఎండోమెంట్ అంటే దేవాదాయ శాఖనే యాదికొస్తది. ఆలోచిస్తే రెండిటి మూలం ఒక్కటే.

పాత రోజులల్ల దాత ఎవరన్న గుడికి రెండెకరాలు రాసిచ్చేటోడు. ఆ భూమి అమ్మొద్దు. దాని మీద వచ్చే పంటతోని గుళ్లె దీపం వెలగాలె, నైవేద్యం పెట్టాలె. దాత సచ్చిపోయినా దీపం ఆరొద్దు. గదే మాన్యం. అమెరికా కాలేజీలల్ల భూమికి బదులు పైసలు రాసిస్తరు. కాలేజీ ఆ పైసలను షేర్లల్ల, బాండ్లల్ల, ఆస్తులల్ల పెడ్తది. ఏటా సుమారు 5 శాతం తీసి ఖర్చు పెడ్తది. అంతకన్న ఎక్కువ లాభం వస్తే అసల్లనే కలుపుతది. ఎందుకంటే ధరలు ఏటా పెరుగుతయ్. అసలు పెరగకపోతే ఇరవై ఏండ్లకు ఆ నిధి పేరుకే మిగుల్తది.

ఇగ ఆటలకు ఇది ఎట్ల పనిచేస్తదో సూడుండ్రి. ఒక పాత విద్యార్థి పరుగు పందేల టీంకు 10 లక్షల డాలర్లు రాసిచ్చిండనుకోండ్రి. 5 శాతం లెక్కన ఏటా 50 వేల డాలర్లు వస్తయ్. దాంతోని ఒక పేద పిల్లకు స్కాలర్‌షిప్ ఇయ్యొచ్చు, లేకుంటే కోచ్ జీతంల కొంత ఎల్లదీయొచ్చు. మన బడి గదుల మీద దాతల పేర్లు రాసినట్టే, అక్కడ కొన్ని కాలేజీలల్ల కోచ్ ఉద్యోగానికే దాత పేరు ఉంటది. హార్వర్డ్‌ల 42 టీంలున్నయ్. అది ఐవీ లీగ్ కాలేజీ కాబట్టి ఆట చూసి స్కాలర్‌షిప్ ఇయ్యదు, ఇంటి ఆదాయం చూసి సాయం చేస్తది. ఆ సాయంల గూడ పెద్ద భాగం ఇసొంటి నిధుల నుంచే వస్తది.

హార్వర్డ్ నిధి 2024ల 5,300 కోట్ల డాలర్లు దాటింది. గింత ఉన్నంక ఏ ఆటకన్న పైసలు తక్కువెట్ల పడ్తయ్ అని మీకు డౌట్ రావాలె. నాకూ వచ్చింది. అది ఒక్క గల్లాపెట్టె గాదు. 14 వేలకు పైగా చిన్న చిన్న నిధులు కలిస్తే అంత అయింది. చానా వాటికి దాత రాసిన కాగితం ఉంటది. కెమిస్ట్రీ ప్రొఫెసర్ కోసం ఇచ్చిన పైసలు కుస్తీ టీంకు ఇయ్యరాదు. దీపం మాన్యం పంటతోని ఊరేగింపు చేయరానట్టే. ఏ షరతూ లేని పైసలు గూడ కొన్ని ఉంటయ్. వాటిని ఎక్కడ పెట్టాల్నో కాలేజీ పెద్దలు తేలుస్తరు. లొల్లి అంతా అక్కడ్నే మొదలైతది.

స్టాన్‌ఫర్డ్ సంగతి దీనికి మంచి పాఠం. 2020 నాటికి ఆ యూనివర్సిటీ నిధి దగ్గర దగ్గర 2,900 కోట్ల డాలర్లు. ఆటలల్ల ఒలింపిక్ పతకాలు తెచ్చిన పేరున్నది. అయినా కరోనా టైంల, 2020 జులైల, 36 ఆటలల్ల 11 బంద్ పెడ్తున్నమని చెప్పింది. కుస్తీ, మగపిల్లల వాలీబాల్, ఫెన్సింగ్, పడవ పందేలు అందుల ఉన్నయ్. 240 మంది ఆటగాళ్ల బతుకు మీదికొచ్చింది. ఫుట్‌బాల్‌ను మాత్రం ముట్టలేదు. ఈ 11 ఆటలు పెద్ద స్థాయిల ఎప్పటికీ నడవాలంటే 20 కోట్ల డాలర్లకు పైగ కావాల్నని లెక్క చెప్పింది. 5 శాతం లెక్క ఏసుకుంటే ఏడాదికి కోటి డాలర్ల పంట. 2,900 కోట్లున్న ఇంట్ల అది ఎంత?

పిల్లలు ఊకోలేదు. పాత విద్యార్థులు ఒక్కటై దాతలను కూడగట్టిన్రు. 2021 మార్చిల షేన్ గ్రిఫిత్ అనే కుస్తీ ఆటగాడు కాలేజీ పేరు లేని నల్ల డ్రెస్సు ఏసుకొని బరిల దిగి, జాతీయ టైటిల్ కొట్టిండు. బంద్ పెడ్తమన్న టీం పిలగాడే దేశంల ఫస్ట్ వచ్చిండు! మే నెలల ఆటగాళ్లు కోర్టుకు గూడ పోయిన్రు. అదే నెలల యూనివర్సిటీ ఎనక్కి తగ్గి 11 ఆటలను ఉంచుతమన్నది. మార్కెట్ల నిధి విలువ పెరిగింది, దాతలు ముందుకొచ్చిన్రు అని కారణం చెప్పింది. అడిగేటోళ్లే లేకుంటే ఆ దాతలు ముందుకొచ్చేటోళ్లా?

అందుకే నేను చెప్పేదేందంటే, నిధి ఉంటేనే ఆట బతకదు. ఆ నిధి కాగితం మీద ఏం రాసిన్రు, దాని లెక్క ఎవలు అడుగుతున్నరు అన్నదే ఆటను బతికిస్తది.

ఇంకో గుంత గూడ ఉన్నది. దాత తనకిష్టమైన ఆటకే రాసిస్తడు. పైసలున్నోళ్ల పిల్లలు ఆడే ఆటలకు దాతలు జల్దిన దొరుకుతరు. పేదోళ్ల ఆటకు దొరకరు. అమెరికాల 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ఉన్నది కాబట్టి ఆడపిల్లలకు సమానంగ అవకాశం ఇయ్యాలె. చట్టం లేకపోతే దాతల మనసు అటు మర్లేదా? ఇప్పుడు ఇంకో ఒత్తిడి మోపైంది. 2025 జూన్‌ల కోర్టు ఒప్పుకున్న రాజీ ప్రకారం, కాలేజీలు ఆటగాళ్లకు నేరుగ పైసలు ఇయ్యొచ్చు. మొదటి ఏడాదికి దాని హద్దు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఆటగాళ్ల కష్టానికి కూలి దొరకాల్సిందే. గని ఆ పైసలల్ల ఎక్కువ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ దిక్కే పోతయ్. చిన్న ఆటలకు సొంత మాన్యం లేకుంటే ముందుగాల కోత పడేది వాటికే.

ఇగ మన ముచ్చట. నేను ఇంటర్ సదివేటప్పుడు ఫీజు రశీదు మీద గేమ్స్ ఫీజు అని రాసి ఉండేది. కాలేజీల చూస్తే ఒక్క చినిగిన వాలీబాల్. పీడీ సారు లేడు. జోనల్ మీట్‌కు కబడ్డీల నన్ను తీసుకున్నరు గని, బస్ కిరాయికి పైసలు లేవన్నరు. మా బాపును అడగనీకి నోరు రాలేదు. పోలేదు. ఆ రోజు నాకు కావాల్సింది వంద రూపాయలు గూడ గాదు. ఆ ముల్లు ఇంకా దిగలేదు.

ఇయ్యాల ఊరూరికి పదో తరగతి బ్యాచ్‌ల ఆత్మీయ సమ్మేళనాలు అయితున్నయ్. ఫ్లెక్సీలు, శాలువాలు, బిర్యానీ, డీజే. తప్పు పడ్తలేను, కలుసుకోవాల్సిందే. గని లెక్క సూడుండ్రి. 100 మంది తలా 2 వేలు ఏస్తే 2 లక్షలు. బ్యాంకుల డిపాజిట్ చేస్తే 6 శాతం వడ్డీకి ఏటా 12 వేలు. 2 వేలు అసల్ల కలిపి 10 వేలు ఖర్చు పెట్టినా రెండు బాల్స్, ఒక నెట్, పది మంది పిల్లల బస్ కిరాయి ఎల్తది. ఈ ఏడు ఎల్తది, మల్లేడు ఎల్తది, మీ పిల్లలు ఆడే నాడు గూడ ఎల్తది.

షరతులు మాత్రం మొదటి రోజే కాగితం మీద రాయాలె. అసలు ముట్టొద్దు. సగం ఆడపిల్లల ఆటలకే. ఖాతా ఒక్కని పేరు మీద ఉండొద్దు. ఏటా జనవరి 26న జెండా ఎగరేసినంక అందరి ముంగట లెక్క సదవాలె. గుడి మాన్యాలు చానా ఊర్లల్ల ఎట్ల కరిగిపోయినయో మనకు తెల్వదా? కాగితం ఉన్నది గని అడిగేటోడు లేకనే పోయినయ్.

ఇది సర్కారు బాధ్యతకు బదులనుకునేరు. పీడీ పోస్టులు నింపాల్సింది సర్కారే, గ్రౌండ్ ఇయ్యాల్సింది సర్కారే. దాని కోసం కొట్లాడుడు ఆపొద్దు. ఆ కొట్లాట గెలిచేదాక ఏ పిలగాడూ బస్ కిరాయి లేక ఇంట్ల కూసోవద్దు. నా మనాది గంతే.

మా ఊరి పిలగానికి గిదే చెప్పిన. "అయితే మన బ్యాచ్ గ్రూపుల పెడ్త అన్నా" అన్నడు. నా 2 వేలు గూడ అందులనే రాస్కోమన్న.